చొక్కాల్లేని మగాళ్ళూ, మా సిస్టరుగారూ

మొన్న విస్సన్నపేటలో తిరువూరు వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చున్నట్టే ఉన్నాం. నా పక్కనున్న కుర్రాడు ఫోనులో డబ్బింగ్ బొమ్మ చూస్తున్నాడు. చైనాదో థాయ్‌లాండ్‌దో నాకు తెలియలేదు. హీరో వానలో నిలబడి చొక్కా చించుకున్నాడు. కెమెరా వాడి ఛాతీ మీదే తచ్చాడుతోంది. ఎంతసేపటికీ పక్కకి జరగదు. నాకు తెలియకుండానే నా నోటి వెంట పెద్దగా మాట వచ్చేసింది.

"ముందుభాగం ఎవడైనా పెంచుతాడు. వీపు చూపించమను, వీపు!"

కుర్రాడు ఫోను బోర్లించి, నాకూ వాడికీ మధ్య సంచి పెట్టుకున్నాడు. ఎదురుగా పత్తి తీతకి వెళ్ళొస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకుని కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను తెలుగు లెక్చరర్ని. జుట్టు సగం నెరిసింది. ఆ మాట నాది కాదనీ, మా సిస్టరుగారిదనీ, ఆవిడ పోయి ఏడాది దాటిందనీ ఆ ఆటోలో ఎవరికి చెప్పను? తిరువూరు వచ్చేదాకా కిటికీ లేని ఆటోలో కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు కూర్చున్నాను.

నాకు మొదట ఉద్యోగం వచ్చింది తిరువూరులోనే. అప్పుడు ఆవిడ మేడ మీది గదిలో అద్దెకుండేవాణ్ణి. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. భర్త లేడు, పిల్లల్లేరు. ఊరంతా సిస్టరుగారనే పిలిచేది. ఆదివారం పూట తెల్లచీర, నున్నటి ముడి, చంకలో బైబిలుతో చూస్తే దేవదూతకి పెద్దక్కలా ఉండేది. మిగతా రోజుల్లో నైటీ, భుజాన టవలు, ఊరి మీద వ్యాఖ్యానం. ఊళ్ళో సగం మందికి సూదిమందు ఇచ్చిన చెయ్యి కాబట్టి ఎవరి గురించైనా ఆవిడకి వెనక నుంచి తెలుసు. బజార్లో బుర్రమీసాలతో కారు దిగే పెద్దమనిషిని చూసి, "ఇప్పుడిలా ఉన్నాడు గానీ, సూది తీస్తే మంచం కింద దూరేవాడు. కాలు పట్టుకుని లాగి మరీ పొడిచేవాళ్ళం" అనేది. ఆయనకి వినపడేట్టే అనేది.

గది చూడ్డానికి వెళ్ళిన రోజు నా జీతం అడగలేదు, కులం అడగలేదు.

"తాగుతావా?"

"లేదండి."

"గ్యాసు బండ మేడ మీదికి మోసుకోగలవా?"

"మోస్తానండి."

ఆవిడ కుర్చీలోంచి లేచొచ్చి, జామకాయ దోరగా ఉందో లేదో చూసినట్టు నా జబ్బ పట్టుకుని నొక్కింది.

"తాగవు గానీ అబద్ధాలాడతావన్నమాట" అని తాళం చేతిలో పెట్టింది.

చేరిన వారంలోనే ఓ మధ్యాహ్నం కింద నుంచి కేకలు వినిపించాయి. "పక్కకి రా! నీ నీడ పడుతోంది, పక్కకి రా!" అని ఆవిడ ఎవరినో గద్దిస్తోంది. దొంగలేమో అని చీపురుకట్ట తీసుకుని దిగాను. అప్పటికి నాకున్న ఆయుధం అదే. చూస్తే ఆవిడ ఒళ్ళో చాట పెట్టుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎదురుగా టీవీలో ఇద్దరు మగాళ్ళు చొక్కాల్లేకుండా గాల్లో ఎగురుతూ తన్నుకుంటున్నారు. సౌండు లేదు. లావుపాటి విలను వచ్చి సన్నటి హీరోకి అడ్డం నిలబడ్డాడట, అందుకని ఆ గద్దింపు.

"సౌండు పెట్టుకోరాండి?" అన్నాను చీపురు వెనక దాచుకుంటూ.

"దేనికి? అందరికీ ఒకడే గొంతిస్తాడు. హీరోకీ వాడే, గురువుకీ వాడే, చచ్చిపోయే ముసలిదానికీ వాడే. మాటల కోసం చూస్తామా ఇవి?"

"మరి దేనికండి?"

ఆవిడ నాకేసి జాలిగా చూసింది. "కూర్చో. చూపిస్తా."

ఆ రోజు మొదలు ఎన్నో మధ్యాహ్నాలు ఆ ముందుగదిలో నాకు పాఠాలు జరిగాయి. ఆవిడ దృష్టిలో లోకంలో రెండు రకాల కండలున్నాయి. గాలి కండ, పని కండ. మన హీరోలు పాటకి ముందు పెంచి పాట అయ్యాక వదిలేసేది గాలి కండ. "ట్యూబుకి గాలి కొట్టినట్టు కొట్టుకొస్తారు. పిన్ను పెడితే తుస్సుమంటది." ఆరు పలకల పొట్ట అంటే ఊరంతా నోరు తెరిచే కాలంలో ఆవిడకి మాత్రం దాని మీద గౌరవం లేదు. "పొంగణాల పెనం బోర్లించినట్టు అదేం అందం? మనిషి వంగితే ఆ పలకలు ఎటు పోతున్నాయో చూడు. ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు, పాపం. ఎవరన్నా తొందరగా కట్ చెప్పండ్రా, పోతాడు!" అని టీవీ వైపు చెయ్యి ఊపేది.

ఆవిడ మెచ్చింది పని కండ వాళ్ళని. హాంకాంగ్ వాళ్ళు, ఇండోనేషియా వాళ్ళు, థాయ్ వాళ్ళు. పొట్టిగా, పొడిగా, ఎండకి ఆరిన తాడు పేనినట్టుండే మనుషులు. వాళ్ళు కనపడితే చిక్కుడుకాయ చేతిలోనే ఆగిపోయేది. "చూడు, మెడ కింద నుంచి నడుం దాకా ఎక్కడా తెగలేదు. ఒకటే గీత. ఇలాంటివాడికి సూది దిగదు నాయనా, వంగిపోద్ది" అనేది. ఆవిడ దగ్గర అంతకు మించిన మెచ్చుకోలు లేదు. వాళ్ళ పేర్లు ఒక్కటీ తెలియదు. నల్ల ప్యాంటువాడు, గుండువాడు, పిక్కలవాడు, ఎడంచేతివాడు. పిక్కలవాడంటే మరీ ప్రాణం. వాడు ఏదో బొమ్మలో సగంలోనే చచ్చిపోతే ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. నేనే పులిహోర పొట్లం తెచ్చిపెట్టాను.

ముందుగదిలో గోడ మీద బైబిలు వాక్యాల క్యాలెండరు పక్కనే ఒక పోస్టరు ఉండేది. సినిమాహాలు మేనేజరుకి సెగ్గడ్డ కోసి కట్టుకట్టినందుకు ఆయన కానుకగా ఇచ్చింది. గుండువాడు నడుం పైన నూలుపోగు లేకుండా, చేతులు రెండూ చాపి నిలబడ్డాడు. సంఘానికి కొత్త పాస్టరుగారు వచ్చాక ఇంటింటికీ ప్రార్థనకి వస్తూ ఈవిడింటికీ వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన చిన్నవాడు, నెమ్మదస్తుడు. కాఫీ తాగుతూ గోడకేసి చూసి గ్లాసు దించారు.

"ఇదెవరమ్మా?"

"సమ్సోనండి అయ్యగారూ" అంది ఆవిడ తడుముకోకుండా.

ఆయన లేచి దగ్గరికెళ్ళి చూశారు. "సమ్సోనుకి జుట్టు పొడుగు కదమ్మా?"

"ఇది దెలీలా గొరిగించాక అండి."

"గొరిగించాక బలం పోయింది కదమ్మా. మరి ఈ కండలు..."

"బలం పోయిందని రాశారు గానీ, కండలు పోయాయని ఎక్కడ రాశారండీ?"

పాస్టరుగారికి వాక్యం గుర్తుచేసుకోవాలో నవ్వాలో తెలిసినట్టు లేదు. చివరికి ప్రార్థన చేశారు. కళ్ళు మూసుకునే చేశారు గానీ, కుర్చీ మాత్రం రెండో గోడకేసి తిప్పుకుని చేశారు.

సిస్టరుగారు అప్పటికి చాలా ఏళ్ళుగా సంఘంలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. శనివారం శనివారం కూటం పెట్టేది, జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళేది, కాన్పులకి ఆటో మాట్లాడేది, పురుగుమందు తాగి ఆస్పత్రికి వచ్చినవాళ్ళ భార్యల పక్కన తెల్లవార్లూ కూర్చునేది. ఆ సంగతులు ఎవరన్నా ఎత్తితే విసుక్కునేది. అధ్యక్షురాలన్న మాట మాత్రం ఆవిడకి చాలా ఇష్టం. సమాజం బీరువా తాళంచెవి నడుం దగ్గర దోపుకుని తిరిగేది. నడుస్తుంటే అది గల్లుమనాలి. అనకపోతే ఆగి సర్దుకునేది.

ఆ ఏడాది మా ఊరి హాలుకి పిక్కలవాడి బొమ్మ వచ్చింది. టీవీలో అరచెయ్యంత కనపడే మనిషి గోడంత కనపడబోతున్నాడు. సిస్టరుగారు ఆగలేకపోయింది. సమాజంలో తనకి దగ్గరైన నలుగురు ఆడవాళ్ళని కూడగట్టింది. టికెట్లు నేనే తెచ్చాను. శనివారం మ్యాట్నీ. బాల్కనీలో వాళ్ళు ముందు వరసలో మరమరాల పొట్లాలతో, నేను వెనక. ఇంటర్వెల్ దాకా బిగుసుకుని కూర్చున్నారు. ఇంటర్వెల్ అయ్యాక పిక్కలవాడు వాగులో నీళ్ళు చిమ్ముకుంటూ పరిగెత్తే సీను వచ్చింది. నలుగురిలో ఒకావిడ, భర్త వ్యవసాయం, గంపలగూడెం దగ్గర నుంచి కాపురానికొచ్చినావిడ, గట్టిగా నిట్టూర్చింది.

"అక్కా, వీణ్ణి దేవుడు బాగా తీరిగ్గా చేశాడక్కా."

"మరి మన ఇళ్ళల్లో వాళ్ళని?" అని పక్కావిడ.

"వాళ్ళని ఆరోరోజు సాయంత్రం చేసుంటాడు" అంది సిస్టరుగారు. "తెల్లారితే విశ్రాంతి కదా, ఆ తొందరలో."

బాల్కనీ అదిరిపోయేట్టు నవ్వారు. ఆ నవ్వు హాల్లోనే ఆగలేదు. వారం తిరిగేసరికి సంఘం దాకా వెళ్ళింది.

ఆ మరుసటి శనివారం కూటానికి ఆవిడని నా బండి మీదే దించాను. ఆడవాళ్ళ మీటింగు కాబట్టి బయట వరండాలో కూర్చున్నాను. కిటికీలు తెరిచే ఉన్నాయి. ఆ రోజు పాస్టరుగారు కూడా వచ్చారు. సమాజం సెక్రటరీగారు లేచారు. బళ్ళో టీచరు. ఉన్న తప్పు ఉన్నట్టు చెప్పడం తన బాధ్యతనుకునే మనిషి. చెడ్డావిడ కాదు.

"అయ్యగారూ, ప్రార్థన చేసుకోవాల్సిన శనివారం పూట మన అధ్యక్షురాలుగారు నలుగురు సహోదరీల్ని వెంటేసుకుని సినిమాకి వెళ్ళారు. పోన్లే, ఏ కుటుంబకథో అయితే సరిపెట్టుకుందుం. చొక్కాల్లేని మగాళ్ళు కొట్టుకునే బొమ్మండీ అది!"

"చివర్లో వేసుకున్నాడండి" అంది గంపలగూడెం ఆవిడ అడ్డం వచ్చి.

ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరుగారు గొంతు సవరించుకుని, "అమ్మా, మీరేమన్నా చెప్తారా?" అన్నారు.

సిస్టరుగారు లేచిన చప్పుడు, తాళంచెవి చప్పుడుతో సహా, నాకు వినిపించింది.

"చెప్తానయ్యా. నా ఉద్యోగంలో నేను చూసినన్ని మగాళ్ళ ఒళ్ళు ఈ గదిలో ఎవరూ చూసుండరు. పుళ్ళు కడిగా. చీము తీశా. లారీ కింద పడినోళ్ళని దుప్పట్లో మూటగట్టి ఎత్తా. అవి చూసి ఇంటికెళ్ళి అన్నం తిన్నా. అప్పుడు ఎవరూ మీటింగు పెట్టలేదు. చెడిపోయిన ఒళ్ళు చూస్తే సేవంటారు. బాగున్న ఒళ్ళు చూస్తే పాపమా? రెండూ ఆయన చేసినవే కదండీ."



"చూడ్డం వేరు, ఆశించడం వేరమ్మా" అన్నారు పాస్టరుగారు మెల్లిగా.

"మోకాళ్ళు రెండూ అరిగిపోయినదాన్ని. ఆశించి ఏం చేస్తానయ్యా? మెట్లే ఎక్కలేను."

ఈసారి అందరూ నవ్వారు. పాస్టరుగారూ నవ్వారనే అనుకుంటాను. ఇక అయిపోయింది, గెలిచిందనుకున్నాను. కానీ నవ్వు సద్దుమణిగాక ఆయన, సంఘంలో పెద్దలకి ఇది ఇబ్బందిగా ఉందనీ, కొన్నాళ్ళు వేరే ఎవరన్నా బాధ్యత చూస్తే బాగుంటుందనీ, దీన్ని శిక్ష అనుకోవద్దనీ అన్నారు. నవ్విన వాళ్ళలో ఒక్కరూ వద్దనలేదు. కిటికీలోంచి తొంగి చూస్తే సినిమాకొచ్చిన నలుగురూ తలలు దించుకుని ఉన్నారు. బల్ల మీద తాళంచెవి పెట్టిన చప్పుడు వినిపించింది.

ఆవిడ బండెక్కి కూర్చుంది. బజారు దాటాక, "నెమ్మదిగా పోనీ" అంది. నేను నెమ్మదిగానే పోతున్నాను.

ఆ తరవాత చాలా రోజులు కింద టీవీ మోగలేదు. అంటే, అది ఎప్పుడూ మోగేది కాదు, ఆవిడ కేకలే మోగేవి. అవీ లేవు. చాట తీసుకుని వీధరుగు మీద కూర్చునేది. ఎదురుగా కొత్తగా తెరిచిన జిమ్ములోంచి కుర్రాళ్ళు చేతుల్లేని బనీన్లతో బయటికొచ్చి, "అమ్మమ్మా, ఎలా ఉన్నాం?" అని జబ్బలు చూపించేవాళ్ళు. మామూలుగా అయితే, "పైన మేడ కట్టారు, కింద స్తంభాలేవిరా?" అని వాళ్ళ కాళ్ళని ఏకిపారేసేది. ఇప్పుడు, "బాగున్నార్రా" అని లోపలికి వెళ్ళిపోయేది. కుర్రాళ్ళకి భయం వేసింది. ఒకడు మేడ మీదికొచ్చి నన్ను అడిగాడు కూడా, "అమ్మమ్మకి ఒంట్లో బాగాలేదా సార్?" అని.

నేను ఓ సాయంత్రం ఆవిడ దగ్గర కూర్చుని ఓదార్చబోయాను. ఆవిడ భర్త ఆర్టీసీలో కండక్టరుగా చేసేవాడు. పక్షవాతం వచ్చి చాలాకాలం మంచంలో ఉండి పోయాడు. ఎత్తడం, దించడం, ఒళ్ళు తుడవడం అన్నీ ఆవిడే చేసింది. ఇది ఊళ్ళో వాళ్ళు చెప్పగా విన్నాను. విన్నప్పుడే నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను.

"మీరు ఈ బొమ్మలు ఎందుకు చూస్తారో నాకు తెలుసండి" అన్నాను గొంతు తగ్గించి. "అంతకాలం పడిపోయిన మనిషిని చూసుకున్నారు కదా. అందుకని నిలబడే మనుషులు, ఎగిరే మనుషులు..."

ఆవిడ నావైపు తిరిగింది. చాలా రోజుల తరవాత మొదటిసారి పగలబడి నవ్వింది.

"మీ లెక్చరర్లకి ప్రతిదానికీ వెనకాల ఒక ఏడుపు ఉండాల్రా నాయనా! అదేం కాదు. ఆయన నిక్షేపంలా ఉన్నప్పుడే నేను చూసేదాన్ని. అసలు నాకు అలవాటు చేసిందే ఆయన. పెళ్ళయిన కొత్తలో బెజవాడ తీసుకెళ్ళి చైనా బొమ్మ చూపించాడు. ఇంటికొచ్చి వాడిలా కాలెత్తి తన్నబోయి లాంతరు పగలగొట్టాడు. మా అత్తగారు మూడ్రోజులు మాట్లాడలా. ఆ తరవాత ఎప్పుడు బొమ్మ చూసొచ్చినా చొక్కా విప్పి, పొట్ట లోపలికి లాగి, 'నేనెలా ఉన్నా?' అనేవాడు. 'ముందు ఊపిరి వదులు, చచ్చిపోతావ్' అనేదాన్ని."

నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నవ్వి తుడుచుకుందో మరెందుకో నేను చెప్పను. చెబితే మళ్ళీ ఆ మాటే అంటుంది.

"బాగుంటారు కాబట్టి చూస్తా" అంది. "మల్లెపూలు ఎందుకు వాసన చూస్తావని ఎవరన్నా అడుగుతారా?"

మరుసటి శనివారం మధ్యాహ్నం గంపలగూడెం ఆవిడ గుమ్మంలో నిలబడింది. "అక్కా, కళ్ళు తిరుగుతున్నాయి. బీపీ చూస్తావా?" అంది. సిస్టరుగారు మిషను తీసింది. చూసింది. బాగానే ఉంది. ఆవిడ మాత్రం వెళ్ళలేదు. కాసేపాగి, "ఇవాళేం రావట్లేదా టీవీలో?" అంది. సిస్టరుగారు రిమోటు ఆవిడ చేతిలో పెట్టింది. పై వారానికి నలుగురికీ బీపీ వచ్చింది. ఆ నెలాఖరుకి తిరువూరు స్త్రీల సమాజంలో బీపీ లేని ఆడది లేదు. శనివారం కూటం అవగానే తిన్నగా ఇక్కడికొచ్చేవాళ్ళు. చెప్పులు పెరట్లో విడిచేవాళ్ళు. ముందుగదిలో బల్ల మీద బీపీ మిషను, దాని వెనక టీవీ.

ఒక శనివారం సెక్రటరీగారే వచ్చారు. గది మొత్తం కొయ్యబారిపోయింది. ఎవరో రిమోటు కోసం వెతుకుతున్నారు, దొరకడం లేదు. తెర మీద నల్ల ప్యాంటువాడు దండెం కట్టిన కర్ర పట్టుకుని వేలాడుతున్నాడు.

"సిస్టరుగారూ, నాక్కూడా కాస్త బీపీ చూస్తారా?" అన్నారు సెక్రటరీగారు, ఎవరి మొహమూ చూడకుండా.

"రండి, కూర్చోండి."

పట్టీ కట్టి గాలి కొడుతూ సిస్టరుగారు మిషను ముల్లుకేసి చూస్తోంది. సెక్రటరీగారు ముల్లుకేసి చూడటం లేదు.

"ఇటు తిరగండమ్మా" అంది సిస్టరుగారు చాలా మర్యాదగా. "అటు చూస్తుంటే సరిగ్గా రాదు."

సెక్రటరీగారి మొహం ఎర్రబడింది. పెదాలు బిగించి కాసేపు తట్టుకున్నారు. తరవాత ఆవిడే ముందు నవ్వారు. పట్టీ విప్పాక లేవలేదు. బొమ్మ అయిపోయేదాకా ఉండి, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర, "ఆ రెండోవాడు నయం" అని ఒక్క మాట అనేసి చెప్పులేసుకున్నారు.

అలాగని అంతా మునుపట్లా అయిపోలేదు. అధ్యక్షురాలి పదవి ఆవిడకి మళ్ళీ రాలేదు. వాళ్ళు ఇవ్వలేదు, ఆవిడ అడగలేదు. ఆదివారం చర్చిలోకి నడిచేటప్పుడు నడుం దగ్గర చెయ్యి పోనిచ్చి, ఏమీ లేదని గుర్తొచ్చి, చీర కుచ్చిళ్ళు సర్దుకున్నట్టు చేసేది. అది మాత్రం నేను చాలాసార్లు చూశాను.

నాకు పెళ్ళి కుదిరినప్పుడు ఫోటో తీయించుకోవడానికి వెళ్తుంటే మెట్ల మీద ఆపి, "చొక్కా లోపల రెండు బనీన్లు వేసుకో" అని సలహా ఇచ్చింది. నా భార్య కాపురానికి రాగానే పక్కన కూర్చోబెట్టుకుని, "మనిషి మంచోడేనమ్మా. ఒళ్ళే లేదు" అని నా ముందే చెప్పింది. తరవాత నాకు బదిలీ అయింది. వేరే ఊరు, వేరే ఇల్లు. ఎప్పుడన్నా ఫోను చేస్తే క్షేమసమాచారాలకి ముందు, "కాస్త కండ పట్టావా?" అనేది. పట్టానని చెప్పేవాణ్ణి. నమ్మేది కాదు.

చివరిసారి వెళ్ళింది ఆవిడ పోవడానికి కొన్ని నెలల ముందు. తుంటి ఎముక విరిగి మంచంలో ఉంది. షుగరు కళ్ళని తినేసింది. వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియదు. వినగడప నుంచి చెల్లెలి కూతురు వచ్చి చూసుకుంటోంది. నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి విసుగ్గా వంటింట్లోంచి వచ్చింది.

"పొద్దుటి నుంచి టీవీ పెట్టమని ఒకటే గోలండి. కనపడదు కదా పెద్దమ్మా అంటే వినదు."

"లెక్చరరు వచ్చాడుగా, ఇక నువ్వెళ్ళు" అంది మంచం మీద నుంచి సిస్టరుగారు. గొంతు మాత్రం ఏం తగ్గలేదు. "ఇలా కూర్చో నాయనా. ఏం బొమ్మ వస్తుందో చూడు."

పాతదే. గుండువాడిది. చెప్పాను.

"చొక్కా ఉందా?"

"లేదండి."

"అయితే చెప్పు. ఎలా ఉన్నాడు?"

నేను సర్దుకుని కూర్చున్నాను. వర్ణన నా వృత్తి. ఆడదాన్ని కాలిగోటి నుంచి పాపట దాకా వర్ణించమంటే గంట కొట్టేదాకా ఆపకుండా చెప్పగలను. పిల్లలకి అదే చెప్పి జీతం తెచ్చుకుంటున్నాను.

"ఆజానుబాహుడండి" అని మొదలుపెట్టాను.

"అంటే?"

"చేతులు మోకాళ్ళ దాకా ఉంటాయి."

"అదేం రోగం?"

"అంటే... విశాలమైన వక్షస్థలం..."

"శుభలేఖ చదువుతున్నావా? నీకు కనపడేది చెప్పవయ్యా!"

నా దగ్గర అంతకు మించి మాటలు లేవు. అన్నేళ్ళ చదువులో మగవాడి ఒంటికి నాకు దొరికినవి ఆ రెండే ముక్కలు. టీవీకేసి చూశాను. ఇన్నాళ్ళూ ఆవిడ పక్కన కూర్చుని ఆవిడనే చూశాను గానీ, తెర మీద మనిషిని సరిగ్గా చూడలేదని అప్పుడు తెలిసింది.

"బక్కగా ఉన్నాడండి" అన్నాను. "కానీ గట్టిగా ఉన్నాడు. మెడ పక్కన రెండు నరాలు, పలుపుతాడు లాగి కట్టినట్టున్నాయి. మెడ ఎముకల మీద గుంటలు పడ్డాయి. వాటిలో చెమట నిలబడింది. ఇప్పుడు కదిలాడు. కారిపోయింది."

"ఆఁ" అంది ఆవిడ. కళ్ళు మూసుకుంది.

"పక్కటెముకల మీద పాత దెబ్బ మచ్చ ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా సాగుతోంది. పొట్ట లోపలికి లాగి లేదండి. మామూలుగానే వదిలేశాడు. నడుం తిప్పాడు. వీపు కనపడుతోంది. మధ్యలో కాలవ తీసినట్టు లోతుగా ఉంది. రెండు వైపులా రెక్కలు... చెయ్యెత్తితే ఆ ఎముక చర్మం కింద జరుగుతోంది. దుప్పటి కింద పిల్లి కదిలినట్టు."

సిస్టరుగారు నవ్వింది. "అదీ! ఇంకా?"

నేను చెబుతూ పోయాను. ఎప్పుడు లేచి నిలబడ్డానో తెలియదు. చేతులు ఊపుతున్నాను. గుమ్మంలో చెల్లెలి కూతురు గరిటె పట్టుకుని నిలబడి నన్ను వింతగా చూస్తోంది. అంతలో టీవీ టప్పున ఆరిపోయింది. పైన ఫ్యాను రెండు చుట్లు తిరిగి ఆగింది.

నేను ఆగిపోయాను.

"కరెంటు పోయిందండి" అన్నాను.

"తెలుసు. ఉక్క పోస్తుందిగా. నువ్వెందుకు ఆపావ్?"

"బొమ్మ ఆగిపోయింది కదండీ."

"బొమ్మకి కరెంటు కావాలి. నీకెందుకు?"

ఆరిపోయిన తెరకేసి చూశాను. అందులో నేనే కనిపిస్తున్నాను, సన్నగా. మళ్ళీ మొదలుపెట్టాను. ఒక మనిషి వాగులోంచి గట్టెక్కుతున్నాడని చెప్పాను. ఎవరో నాకు తెలియదు. భుజాల మీంచి నీళ్ళు దిగుతున్నాయని చెప్పాను. ఆవిడ మధ్యమధ్యలో ఆపి సరిచేసేది. "భుజాలు మరీ అంత వద్దు. కొంచెం దించు." దించాను. "పిక్కలు?" పిక్కలు చెప్పాను. "చాల్లేదు." ఇంకొంచెం చెప్పాను. వంటింట్లోకి వెళ్ళబోయిన ఆ అమ్మాయి వెళ్ళకుండా వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. వాడు గట్టెక్కి, చెట్టు కింద ఆరేసిన చొక్కా తీసి దులుపుతున్నాడని చెప్పాను.

"అప్పుడే వేసుకోనీకు" అంది సిస్టరుగారు.

సరేనని వాడి చేత ఆ చొక్కాని భుజాన వేయించాను.

కరెంటు వచ్చింది. ఫ్యాను కిర్రుమంది, టీవీ వెలిగింది. గుండువాడు ఎవరినో తంతున్నాడు. నేను అటు తిరిగాను.

"అది కట్టెయ్యవే" అంది సిస్టరుగారు చెల్లెలి కూతురితో, కళ్ళు తెరవకుండానే. "మనోడే బాగున్నాడు."